కలగలుపు ఏరుడు

రేవుకొండలో ఏరుడు నడిపే సూరమ్మ గారికి, ఎనిమిది తెప్పల ఊరి నుంచి కొర్లయ్య రాస్తున్నది.

ముందుగా మీరు నన్ను మన్నించాలి. నా రాత కుదురుగా ఉండదు. తెప్పబడిలో చదివిందే తక్కువ, అది కూడా తెప్ప ఊగుతుండగా దిద్దిన అక్షరాలు. ఒత్తులు ఎగిరిపోయి ఉంటాయి, దీర్ఘాలు ఉండకూడని చోట ఉంటాయి. మీరే సర్దుకుని చదవండి. మనం ఒకరినొకరం చూసుకోలేదు. చూసినా నేను మాట్లాడేవాణ్ణి కాను, మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. ఏరుడు నడిపినన్నాళ్ళూ జరిగింది రాసుకోవడం మన పని కదా. అలా రాసుకున్నదే మీకు పంపుతున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

భాద్రపద బహుళ పంచమి

పొద్దున్నే వాన పట్టే గుడ్డలు పిండి నీళ్ళు తొట్టిలో పోశాను. అంతలో సరుకు పడవ వచ్చింది. పడవ నడిపే సన్నాసి ముందు పిండి బస్తాలు దించాడు, తర్వాత ఉప్పుమిట్టలో కట్టిన పేకముక్కల పొట్లాలు దించాడు.

మీ ఊరి పద్ధతి వేరేగా ఉండవచ్చు కాబట్టి మాది ఇక్కడ మీ కోసం కలిపి రాస్తున్నాను. మా ఎనిమిది తెప్పలనూ వరసగా కడతాం. చివరి చోటు గాలిమూల. తుపాను ముందు తగిలేది ఆ తెప్పకే. ఏటా అమావాస్య పోటు వచ్చేలోగా గాలిమూల ఎవరిదో తేలాలి.

ఇదివరకు లెక్కపెట్టె అనే యంత్రం చెప్పేది. పనిచేసే మనుషులు తక్కువున్న తెప్ప పోతే ఊరికి నష్టం తక్కువ, అదీ దాని లెక్క. వరసగా మూడేళ్ళు పైడమ్మ తెప్పనే అక్కడ కట్టించింది. మూడో ఏడు గాలికి పైడమ్మ కొడుకు పోయాడు. అప్పుడు గానీ మాకు సిగ్గు రాలేదు. పెట్టెను ఊడబీకి, సరుకు పడవలో పడేసి పంపించేశాం.

అప్పటి నుంచి ముక్కలాటే. చీటీలు వేస్తే, తీసిన చెయ్యి ఎవరిదని గొడవ. ఏరుడులో ఆ గొడవ లేదు. తెప్పకొకరు కూర్చుంటారు. ఎవరి పొట్లం వాళ్ళు విప్పి, తొమ్మిది ముక్కల్లో ఒకటి ఏరుకుని, మిగతావి ఎడమ పక్కవాళ్ళకు ఇస్తారు. అలా చుట్టూ తిరిగి తొమ్మిదో ముక్క విప్పిన చేతికే వస్తుంది. మూడు పూటలు ఏరుకుని, ఏరిన వాటితో ఆట. అందరికంటే కింద మిగిలినవాళ్ళది గాలిమూల. ఓడినవాడు తన చేతిని తప్ప ఎవరినీ తిట్టలేడు. నడిపేవాడు ఆడడు, వాడి తెప్ప ఈ ఎనిమిదిలో చేరదు, దాన్ని వరస నడుమ కడతారు. అందుకని అందరికీ నా మీదే ఒక కన్ను.

ఈ ఏడు పొట్లాలు వేరేగా ఉన్నాయి. ఆటకు ఎప్పుడూ వచ్చేది సముద్రం సెట్టు ఒక్కటే. ఇప్పుడు పొట్లానికి సముద్రం మూడు, కొండ మూడు, పాతలోకం మూడు. పాతలోకం ముక్కలు మీరు చూసే ఉంటారు. పిట్టలు, రైళ్ళు, వీధులు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఆటలో బలం ఉండదు. విడిగా కొని ఇళ్ళలో దాచుకునేవాళ్ళు మాత్రం వాటి కోసం ప్రాణం పెడతారు.

దాలయ్య పొట్లం తిప్పి తిప్పి చూశాడు. మా ఊళ్ళో పెద్ద తెప్ప వాడిదే, పెద్ద గొంతూ వాడిదే. నాకు బావ వరస.

“ఇదేటి సన్నాసీ, కిచిడీ కట్టినారా?”

“సముద్రం సెట్టు అయిపోనాది బావూ. ఉన్నయ్యి కలిపేసినారు.”

“ఎవులు?”

“ఉప్పుమిట్ట వోలు. ఇంకెవులు?”

“మా కొర్లయ్య బావ నడపగలడేటి దీన్ని? ఒక సెట్టుకే సెమటలు పడతాయి ఆడికి.”

అందరూ నవ్వారు. నేను పొట్లాలు లెక్క చూసుకున్నాను. ఒక్కో తెప్పకు ఒక్కో రంగు దారం కట్టి పంపుతారు. కట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. సాయంత్రం సన్నాసి పడవ తెరచాప వెనక దాలయ్య కనిపించాడు. ఏదో మూట చేతులు మారింది. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

సప్తమి

మొదటి పూట ఏరుడు. నడిపేవాడు వెనక తిరుగుతూ ఎవరి చేతిలో ఏముందో చూడవచ్చు, చూసింది నోట పలకకూడదు. నాకు కష్టమేమీ కాదు.

పైడమ్మ పొట్లంలో లంగరు వచ్చింది. సముద్రం సెట్టులో అంతకన్నా బలమైన ముక్క లేదు. దాని పక్కనే గిజిగాడు, గూటికి వేలాడుతూ. పైడమ్మ లంగరు మీద వేలు పెట్టి, తీసి, గిజిగాణ్ణి ఏరుకుంది. లంగరు ఎడమ పక్కకు పోయింది.

దాలయ్య కూర్చున్నది ఆమెకు కుడి పక్కన. వాడి ముఖం చూశాను. నవ్వాడో, పన్ను కుట్టుకున్నాడో తెలియలేదు.

మిగతావాళ్ళ వెనకా తిరిగాను. మా చెల్లెలి కొడుకు ఎల్లాజీ వెనక మాత్రం నిలబడలేదు. చెల్లెలు పోయాక వాడూ వాడి పెళ్ళామూ ఇద్దరే ఆ తెప్పలో. మేనల్లుడి వెనక నిలబడితే మాట పడుతుంది.

అష్టమి

పైడమ్మ తెప్ప కింది డ్రమ్ములు చూసి రావడానికి వెళ్ళాను. ఆ తెప్పలో ఇప్పుడు ఆమె, ఇద్దరు మనవలు. రెండు డ్రమ్ములు తుప్పుపట్టి తూట్లు పడ్డాయి. మైనం, గుడ్డ పెట్టి పూడ్చింది. కొత్త డ్రమ్ములు గాలులు పోయాక గానీ రావు. వరస లోపల ఉంటే ఈ ఏడు ఎలాగో ఆగుతుంది. గాలిమూలలో అయితే ఒక్క తుపానుకే విడిపోతుంది. ఇది ఆమెకు తెలుసు, ఊరికి తెలుసు.

చూరు కింద దారానికి పిట్టల ముక్కలు గుచ్చి ఉన్నాయి. చిలక, జెముడుకాకి, పికిలిపిట్ట. చివర గిజిగాడు, కొత్తగా.

“ఆడు కొని దాసినయ్యి అన్నా” అంది. ఆడు అంటే కొడుకు. “గుంటలిద్దరూ నేల మీద కాలెట్టనేదు. పిట్టంటే సముద్రం కాకే అనుకుంటన్నారు. ఇంక రెండొస్తే వరస నిండిపోద్ది. వడ్రంగిపిట్ట, పాలపిట్ట.”

లంగరు వదిలేశావేమమ్మా అని అడగాలనిపించింది. అడగకూడదు.

“డ్రమ్ము మళ్ళీ చూస్తాను” అన్నాను.

“సూసిందే సూత్తావేటి? కూకో, గంజి తాగెల్లు.”

తాగి వచ్చేశాను. దారిలో ఒకటే ఆలోచన. ఈమెకు పిట్టలు కావాలని తెలిసినవాడెవడో ఈ పని చేశాడు. దాలయ్యకు తెలుసు. పక్క తెప్పే.

దశమి

రెండో పూట. పైడమ్మ పొట్లంలో పెనుతాడు. కొండ సెట్టులో అదే పెద్దది. దాని పక్కన వడ్రంగిపిట్ట.

పాతలోకం సెట్టులో ముక్కలు వందల్లో ఉంటాయి. ఆమెకు తక్కువైన రెండింటిలో ఒకటి, ఆమె పొట్లంలోనే, బలమైన ముక్క పక్కనే రావాలా? ఒకసారి వస్తే అదృష్టం అనుకుందాం. రెండోసారీ వస్తే ఎవరిదో చెయ్యి ఉంది.

పైడమ్మ ఈసారి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. వడ్రంగిపిట్టనే తీసుకుంది.

“బేగీ కానీ అప్పా, పొద్దుగూకిపోతన్నాది” అన్నాడు దాలయ్య. వాడికి తొందర ఎందుకు?

ఏకాదశి

సన్నాసి పడవ మోటారు చెడి ఇక్కడే ఆగిపోయింది. అది నిజంగా చెడిందో లేదో అని కూడా అనుమానం వచ్చింది నాకు. వెళ్ళి చూశాను. విప్పి ముందేసుకుని కూర్చున్నాడు, మోచేతుల దాకా నూనె. ఇంకెవరూ లేరు కాబట్టి అడగగలిగాను.

“దాలయ్య ఇచ్చిన మూటేటి?”

“ఉప్పుసేప, పెద్దయ్యా. మా ఇంటిదానికి నోరు సప్పగున్నాదంట. ఏటి, అనుమానవా?”

“పొట్లాలు మార్సినావా?”

“కట్టు విప్పితే నా కళ్ళు పోవాల! నాకేటి పని మీ గాలిమూలతోటి?”

“మరి పైడమ్మకి పిట్టలు కావాలని ఎవులికి తెలుసు?”

“నాకు తెలుసు. అందరియ్యీ తెలుసు. ఎవులికే ముక్క తక్కువో ఏటా అడిగి ఉప్పుమిట్టలో సెప్పీది నానే గదా. దారం రంగు సెప్తాను, కోరిక సెప్తాను. ఈ యేడు అడిగిందల్లా పొట్లాల్లోనే ఎడతామన్నారు.”

“ఎవులితోటి సెప్తావు?”

సన్నాసి చెయ్యి తుడుచుకున్నాడు. చెప్పొచ్చో లేదో అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

“పెట్టితోటి.”

“ఏ పెట్టి?”

“మీరు తోసేసిన పెట్టే పెద్దయ్యా. ఉప్పుమిట్ట వోలు ఊరికే వొచ్చినాదని ఉంచుకున్నారు. పొట్లాలన్నీ ఇప్పుడు అదే పేరుస్తాది. మనుసులు దారం సుడతారు, అంతే. ఏ పొట్లంలో ఏటున్నాదో ఆలకీ తెల్దు.”

మేము దాన్ని ఊరు దాటించాం. లెక్క ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. గాలిమూల ఎవరికో చెప్పడానికి దానికి ఇప్పుడు నోరు లేదు, పొట్లాలు ఉన్నాయి. పైడమ్మ తెప్పలో పనిచేసే మనిషి దాని లెక్కలో ఒక్కరూ లేరు. ముసలామె, ఇద్దరు పిల్లలు.

దాలయ్యను అనుమానించినందుకు సిగ్గేసింది. కొంచెమే. ఉప్పుచేప మూట అంత పెద్దది ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

త్రయోదశి

మూడో పూట. అందరూ కూర్చున్నాక, పొట్లాలు పంచకుండా నిలబడ్డాను. నలుగురిలో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఎల్లాజీ “మావా, ఒంట్లో బాగోనేదా?” అన్నాడు.

సన్నాసి చెప్పింది చెప్పాను. పెట్టె సంగతి, కోరికల సంగతి. పైడమ్మ పొట్లాల్లో పిట్టలు ఎందుకు వస్తున్నాయో కూడా చెప్పాను. నడిపేవాడు చూసింది పలకకూడదు. పలికాను.

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

“అయితే పొట్లాలు విప్పి కలిపేద్దారి” అన్నాడు ఎల్లాజీ.

“ఎవులు కలుపుతారు?” అన్నాడు దాలయ్య. “మీ మావా? ఆట్లో మేనల్లుణ్ణి కూకోబెట్టుకోని, కట్టు విప్పిన పొట్లం కలుపుతాడేటి? బావా, పెట్టి మాటకి సాచ్చికం సన్నాసి ఒక్కడే. ఆడు మొన్న నాకు అమ్మిన మోటారు ఇప్పటికీ తిరగనేదు.”

“పోనీ ఎవులి పొట్లం ఆల దగ్గిర కాకండా మార్సుకుందారి” అన్నాడు మళ్ళీ ఎల్లాజీ.

“మార్సినా తిరిగి తిరిగి అందరి సేతికీ వస్తాయి గదరా. ఆ మార్సీది మాత్రం ఎవులు?”

దాలయ్య అన్నదాంట్లో తప్పు లేదు. కట్టు ఉన్న పొట్లాన్ని పెట్టె పేర్చింది. కట్టు విప్పితే అది నా చెయ్యి అవుతుంది. ఈ రెంటిలో దేన్ని నమ్మాలో వాళ్ళకు తెలియడం లేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

అప్పుడు పైడమ్మ లేచింది. కోపంగా ఉంది, పెట్టె మీద కాదు, నా మీద.

“నానేటి సిన్నపిల్లనేటి? పిట్టకి బలం నేదని నాకు తెల్దా? తెలిసే తీసినాను. నా కొడుకు వరస నిండాల అనుకున్నాను. ఓడిపోతానని కూడా తెలుసు.” తన తెప్ప వైపు చెయ్యి చూపించింది. “మొన్న మైనం ఊడి నీల్లొచ్చినాయి. గుంటలిద్దరూ గిన్నెలతోటి తోడినారు, నవ్వుతా, ఆటనుకోని. అప్పుడు బయమేసినాది. పొట్లాలు అలాగే ఉండనీండి. నా సెయ్యి నా దగ్గిరే ఉన్నాది గదా.”

పొట్లాలు పంచాను.

పైడమ్మ విప్పింది. ఆమె వెనకే నిలబడ్డాను, ఊరంతా అటే చూస్తోంది. లంగరు. దాని పక్కన పాలపిట్ట, రెక్కలు విప్పి, నీలంగా. అనుకున్నదే అయింది.

లంగరు తీసుకుంది. మిగతా ఎనిమిదీ ఎడమ పక్కకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ పొట్లం వెంట నా కళ్ళు తిరిగాయి. పాలపిట్ట ముక్కకు ఉప్పుమిట్టలో మంచి గిరాకీ. ఎవడైనా తీసి దాచుకోవచ్చు, రేపు పైడమ్మకే బేరం పెట్టొచ్చు. ఒకరు చూసి పంపారు. ఇంకొకరు చూసి పంపారు. ఎల్లాజీ కూడా పంపాడు. చివరికి రెండు ముక్కలు మిగిలి దాలయ్య చేతికి వచ్చాయి. పాలపిట్ట, పగిలిన కుండ. కుండకు ఆటలో విలువే లేదు. దాలయ్య రెండూ దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. వాడి కూతురు కూడా పాతలోకం ముక్కలు దాస్తుంది.

కుండ తీసుకున్నాడు.

“తియ్యప్పా, నీ పిట్ట. అంతసేపు సూస్తే రంగు పోద్ది” అన్నాడు.

పైడమ్మ ఆ ముక్కను కొంగులో పెట్టుకుని ముడి వేసింది. దాలయ్య నా వైపు తిరిగి, “ఏటలా సూస్తన్నావు? నా మీద అనుమానం తీరిందా, ఇంకా ఉన్నాదా?” అన్నాడు. నేను ముక్కల డబ్బాలు సర్దుకున్నాను.

ఇంత జరిగినా నాకు మనసు కుదుటపడలేదు. పెట్టె లెక్క తప్పింది అనుకున్నాను. అది ఇంత తేలిగ్గా తప్పుతుందా?

అమావాస్య

నిన్న ఆట అయిపోయింది. పైడమ్మ ఒకసారి ఓడింది, రెండుసార్లు గెలిచింది. మూడో పూటలో లంగరుతో పాటు ఏరినవన్నీ బలమైనవే. ఆమె తెప్ప వరస లోపలికి వచ్చింది. మనవలు కేకలు పెట్టారు.

గాలిమూల ఎల్లాజీకి పడింది. ఒక్క ఆట కూడా గెలవలేదు.

దాలయ్య అన్నాడు, “సొంత మేనల్లుడికే గాలి తెచ్చెట్టినావు బావా. నీకంటే పెట్టే నయం.” ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్ను ఇక ఎవరూ అనుమానించరు. అది నేను కోరుకున్నదే, ఈ విధంగా కాదు.

పొద్దున ఎల్లాజీ తెప్పకు వెళ్ళాను. డ్రమ్ములు బాగానే ఉన్నాయి. కానీ గాలి లేచినప్పుడు తాళ్ళు లాగడానికి నలుగురు కావాలి. ఉన్నది ఇద్దరు. వాడి పెళ్ళాం తాడు పేనుతోంది, నన్ను చూసి పలకరించలేదు.

“ముక్కలు ఎలా ఏరినావురా? బాగానే ఆడతావు గదా?” అని అడిగాను.

వాడు తల గోక్కున్నాడు. చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిన్నప్పుడు కూడా అలాగే చేసేవాడు.

“రైలు వొచ్చినాది మావా.”

“ఏ రైలు?”

“మొదటి పూట బొగ్గు ఇంజిను. రెండో పూట వంతెన మీద రైలు. ఆ రెండూ నా దగ్గిర నేవు. మూడో పూట పొడుగు రైలు, సొరంగంలోంచొస్తా. ఒక్క ముక్కే గదా అనుకున్నాను, పూటకొక్కటి. పక్కన లంగరున్నాది, నిజమే. నువ్వు సెప్పినావు గదా, పెట్టి పైడప్ప కోసం కాసుకోని ఉన్నాదని. నా కోసం ఏటుంటాది అనుకున్నాను.”

సూరమ్మ గారూ, అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. వాడి కోరికా సన్నాసి చెప్పాడు, అందరిదీ చెప్పినట్టే. పైడమ్మ తర్వాత పనిచేసే మనుషులు తక్కువున్న తెప్ప మా ఎల్లాజీదే. ఒకటి తప్పితే ఇంకొకటి అని పెట్టె ముందే పేర్చి ఉంచింది. ఊరంతా పైడమ్మ చేతినే చూశాం. నేను అందరి వెనకా నిలబడ్డాను, వాడి వెనక తప్ప. మాట పడుతుందని.

ఆట అయిపోయింది, మార్చడానికి లేదు. ఎల్లాజీయే ఒప్పుకోడు. “నా సేత్తోనే ఏరినాను మావా” అంటాడు. పోటు ఎక్కేలోగా తెప్పలు కట్టేశాం. నా తెప్ప నడుమ ఖాళీగా ఉంది. నేను సామాను తీసుకుని గాలిమూలకు వచ్చేశాను, తాడు పట్టుకోవడానికి. ఇంకొక మనిషి కావాలి. దాలయ్య తన తమ్ముణ్ణి పంపుతానన్నాడు. పంపేదాకా నమ్మను.

మీ ఊరి ఏరుడు పున్నమికి అని సన్నాసి చెప్పాడు. మీ పొట్లాలు కూడా ఉప్పుమిట్ట నుంచే వస్తాయి. విప్పకముందే మీ వాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఒక్కరి గురించే చెప్పి ఊరుకోకండి, నాలాగా. ఎవరికి ఏ ముక్క మీద మనసుందో అది వాళ్ళ పొట్లంలోనే ఉంటుంది, పక్కనే బలమైనది ఉంటుంది. మీకు దగ్గరివాళ్ళుంటే వాళ్ళ వెనక కూడా నిలబడండి.

ఒక్క సంగతి నాకు తెలియాలి. పోయిన ఏడు మీ ఊళ్ళో గాలిమూల ఎవరికి పడింది? ఆ తెప్పలో పనిచేసే మనుషులు ఎందరు? తక్కువే అయితే ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు, అన్ని ఊళ్ళవాళ్ళం కలిసి ఉప్పుమిట్టకు వెళ్ళాలి. మోటారు బాగైంది, సన్నాసి ఈ పోటుకే బయలుదేరుతున్నాడు. జాబు వాడి చేతికే ఇవ్వండి, దారం కట్టి మరీ ఇవ్వండి. పడమటి నుంచి మబ్బు పడుతోంది. ఆలస్యం చేయకుండా రాయండి అమ్మా.

కొర్లయ్య